‘ఎవరు చెప్పారమ్మా?’ – నోటి మాట వల్ల మీ సరుకు ఎంత అమ్ముడవుతోందో తెలుసుకోవడం ఎలా

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే ఊరగాయలు, వడియాలు, అప్పడాలు పెట్టి అమ్ముతుంటాను. నాలాగే ఇంట్లో ఏదో ఒకటి చేసి అమ్ముకునేవాళ్లు పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి, ఈమధ్య రాయగడ నుంచి కూడా ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతున్నారు. “తిన్నవాళ్లంతా బాగుందంటున్నారు పిన్నీ, కొంటామంటున్నారు. మరి కొనడం లేదేం?” ఆ వెంటనే రెండో ప్రశ్న: “ప్రచారానికి డబ్బు పెట్టమంటావా?” ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మీరు పచ్చళ్లే అమ్మక్కర్లేదు. జాకెట్లు కుట్టినా, ట్యూషన్ చెప్పినా, పాలు పోసినా ఇదే పద్ధతి.

నోటి మాట మనిషిని “కొనాలి” అనుకునేదాకా తీసుకొస్తుంది. అలా అనుకోవడానికీ, కొంగుముడి విప్పడానికీ మధ్య ఇంకో గుమ్మం ఉంది. మనలో చాలామంది మాట పెరగాలని తాపత్రయపడతాం గానీ ఆ గుమ్మం దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారో చూడం. కింద చెప్పే లెక్క ఆ రెండింటినీ విడివిడిగా పట్టుకోవడానికే.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెప్పేస్తాను. ఐసెక్ ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో రాసిన ఒక వ్యాసం ప్రకారం, మనిషి ఒక పని చేయాలని అనుకోవడం మూడింటి మీద ఆధారపడుతుంది: తనకు నచ్చడం, తనవాళ్లు ఏమనుకుంటారోనన్న ఆలోచన, అది తన వల్ల అవుతుందన్న నమ్మకం. మన భాషలో ఇష్టం, నలుగురి మాట, వీలు. వడియాలు నచ్చాయి. కానీ “ఇంట్లో ఎండ ఉండగా బయట వడియాలు కొంటారా” అని అత్తగారు అంటుంది. అత్తగారు ఒప్పుకున్నా సంచి కేజీది, చేతిలో ఉన్నది యాభై రూపాయలు. ఈ మూడింటిలో ఎక్కడ తెగిందో తెలియకుండా ఎంత ప్రచారం చేసినా దండగే.

కావలసినవి

- గీతల నోటు పుస్తకం ఒకటి. ఫోన్లో రాసుకుందాం అనుకోకండి, చేతులకు నూనె అంటిన పనిలో అది సాగదు.
- నీలం పెన్ను, ఎరుపు పెన్ను. విన్న మాటకు నీలం, కొనకపోవడానికి చెప్పిన కారణానికి ఎరుపు.
- మీ సరుకులో అతి చిన్న పొట్లాలు కొన్ని. నేను 50 గ్రాములవి కట్టాను.
- తెలుగూ ఒడియా రెండూ బాగా మాట్లాడే మనిషి ఒకరు. మన ఊళ్లలో వెతకక్కర్లేదు, ఇంట్లోనే ఉంటారు.
- ఎనిమిది వారాలు. రోజుకు పది నిమిషాలు చాలు. కానీ ఒక్కరోజు మానితే ఆ వారం లెక్క చెడిపోతుంది.

1. పుస్తకం గీయండి

ఎడమ పేజీలో తేదీ, వచ్చిన మనిషి గుర్తు, “ఎవరు చెప్పారు”, “ఏమని చెప్పారు”, “ఏ భాషలో”. కుడి పేజీలో “కొంటానన్నారా”, “కొన్నారా”, “కొనకపోతే ఎందుకు”. అంతే.

నమూనాకి రెండు వరుసలు రాస్తాను.

“సోమవారం. స్కూటీ మీద వచ్చిన టీచరమ్మ. చెప్పింది: జాకెట్లు కుట్టే ఆవిడ. ఏమని: ‘ఉప్పు తక్కువ, బీపీ ఉన్నా తినొచ్చు’. తెలుగు. కొంటానన్నారు, కొనలేదు. ఎందుకు: చిన్న సీసా లేదు.”

“సోమవారం. ఇద్దరు కాలేజీ పిల్లలు. చెప్పింది: హాస్టల్లో పక్క గది అమ్మాయి. ఏమని: ‘అన్నంలో కలుపుకుంటే కూర అక్కర్లేదు’. ఒడియా. కొన్నారు.”

మొదటి వరుస చూసి నాకు గుండె ఆగినంత పనైంది. నేను ఉప్పు తక్కువ వేయను, నిల్వ పచ్చడికి ఉప్పే ప్రాణం. బీపీ ఉన్నవాళ్లు తినొచ్చని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట ఎక్కడో దారిలో పుట్టింది. పుస్తకం పెట్టకపోతే నాకు తెలిసేదే కాదు. అదే రోజు వెళ్లి కుట్టే ఆవిడకు సరిగ్గా చెప్పి వచ్చాను.

జాగ్రత్త: పేర్లు, ఫోన్ నంబర్లు ఈ పుస్తకంలో రాయొద్దు. అది బల్ల మీద ఉంటుంది, పదిమంది చూస్తారు. గుర్తు చాలు.

2. ప్రశ్న సరిగ్గా అడగండి

“మా గురించి ఎలా తెలిసింది?” అంటే “ఊరికే తెలిసింది” అంటారు. “ఎవరు చెప్పారమ్మా?” అనండి. జవాబు వచ్చాక “ఏమని చెప్పారు?” అనండి. ఒడియా వాళ్లని “కిఏ కహిలే?” అని అడిగితే చాలు, తర్వాతి కబురు వాళ్లే చెబుతారు. ఈ రెండు ప్రశ్నలకు మించి అడిగితే విచారణలా ఉంటుంది.

ఎప్పుడు అడగాలో కూడా ముఖ్యమే. కొన్నవాళ్లని డబ్బు ఇచ్చాక, పొట్లం కడుతూ అడగండి. కొనకుండా వెళ్లేవాళ్లని గుమ్మం దాటేముందు, నవ్వుతూ అడగండి. అప్పుడు “ఈసారి ఎందుకు తీసుకోలేదు?” అంటే నిలదీసినట్టుంటుంది. నేను “ఏ సైజు ఉంటే బాగుండేదమ్మా?” అంటాను. సైజు కారణం కాకపోతే అసలు కారణం వాళ్లే చెప్పేస్తారు.

తప్పనిసరిగా మానాల్సిన ప్రశ్న ఒకటుంది: “మా పచ్చడి బాగుందా?” మన ప్రాంతంలో ఎదురుగా నిలబడిన మనిషితో బాగాలేదని అనరు. పెద్ద కంపెనీలు “మమ్మల్ని మీవాళ్లకు సిఫారసు చేస్తారా, సున్నా నుంచి పదిలోపు మార్కు వేయండి” అంటుంటాయి కదా. ఫ్రెడ్ రైకెల్డ్ అనే వ్యాపార సలహాదారు 2003లో ముందుకు తెచ్చిన పద్ధతి అది. తొమ్మిది, పది వేసినవాళ్లే సిఫారసు చేసేవాళ్లని, ఆరు, అంతకు తక్కువ వేసినవాళ్లు అసంతృప్తిగా ఉన్నవాళ్లని లెక్క. ముఖాముఖిగా మనం అడిగితే అందరూ పదికి పది వేస్తారు. అందుకే జరగబోయేది కాకుండా జరిగింది అడగండి: “పోయినసారి తీసుకెళ్లారు కదా, ఎవరికైనా పెట్టారా? ఎవరికైనా చెప్పారా?” చెప్పిన మనిషి వెంటనే “మా వదినకి ఇచ్చాను” అంటుంది. చెప్పని మనిషి కాస్త ఆగుతుంది. ఆ ఆగడాన్ని కూడా రాసుకోండి.

మొహమాటం ఎక్కువైతే ఇంట్లో పిల్లల చేత అడిగించండి. పిల్లలకు జనం నిజం చెబుతారు.

3. రెండు వారాలు ఏదీ మార్చకండి

ధర, సైజు, రుచి, బోర్డు, ఏదీ ముట్టుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తర్వాత పోల్చి చూసుకోవడానికి ఇదే ఆధారం. అందరూ తొందరపడేది ఇక్కడే. మూడో రోజుకే ఏదో ఒకటి మార్చేస్తారు, ఇక ఏది దేనివల్ల జరిగిందో ఎప్పటికీ తెలియదు.

సంక్రాంతి ముందు, రథయాత్ర వారంలో, దసరాలో మొదలుపెట్టకండి. అప్పుడు వచ్చే జనం మాట విని రారు, పండగని వస్తారు. ఎనిమిది వారాల మధ్యలో పండగ తప్పకపోతే ఆ వారం పేజీ మూలన చుక్క పెట్టి, చివరి లెక్కలోంచి తీసేయండి.

4. మాట మోసేవాళ్లెవరో గుర్తుపట్టండి

మూడో వారం మొదట్లో “ఎవరు చెప్పారు” గడిని పైనుంచి కిందకు చదవండి. ఒకే మనిషి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

నేను మొదట అనుకున్నది మా చుట్టాలు నన్ను మోస్తున్నారని. పుస్తకం అలా చెప్పలేదు. మావాళ్లు మావాళ్లకే చెప్పుకుంటారు, ఆ ఇళ్లన్నీ నాకు ఎప్పుడో తెలుసు. కొత్త మనుషుల్ని తెచ్చింది జాకెట్లు కుట్టే ఆవిడ, ఒక ఆటో అబ్బాయి, హాస్టల్ పిల్లలు, నౌపడా–గుణుపురం రైల్లో రోజూ ఉద్యోగానికి తిరిగే ఒక మేడమ్. వీళ్లెవరూ నాకు దగ్గరివాళ్లు కాదు. మార్క్ గ్రానొవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో చెప్పింది ఇదే. దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు దాటుతుంది.

మన ప్రాంతంలో ఈ దాటడానికి ఇంకో అర్థం కూడా ఉంది. 1936లో రాష్ట్రాల మధ్య గీత గీశారు గానీ పెళ్లిళ్లు, సంతలు, చదువులు, ఆసుపత్రులు ఆ గీత మీదుగానే నడుస్తున్నాయి. మహేంద్రతనయ నదికి అటు పాతపట్నం, ఇటు మనం. అటువైపు డ్వాక్రా సంఘాలు, ఇటువైపు అలాంటివే మిషన్ శక్తి మహిళా సంఘాలు. రెండు వైపులా చుట్టరికమో, పనో ఉన్న మనిషి ఒక్కరు మీ సరుకు గురించి మాట్లాడితే అది రెండు రాష్ట్రాల్లో మాట్లాడినట్టే. మీ పుస్తకంలో అలాంటి మనిషి కనబడితే పక్కన గుర్తు పెట్టుకోండి.

గుర్తించాక ఏం చేయాలి? వాళ్లకి కమీషన్ ఇవ్వాలనిపిస్తుంది. వద్దు. ఆటో అబ్బాయికి పొట్లానికి పది రూపాయలిస్తే రెండు రోజులు ఎక్కువ చెబుతాడు. మూడో రోజు ఎవరికో ఆ సంగతి తెలుస్తుంది. ఇక అతని మాటకు విలువ ఉండదు, నా పచ్చడికీ ఉండదు. మనిషి మాటను నమ్మేది అందులో అతనికి లాభం లేదనే. కృతజ్ఞతగా పండగకి ఒక సీసా ఇవ్వండి, అమ్మకానికి ముడిపెట్టకుండా ఇవ్వండి. కమీషన్ తప్పదనుకుంటే అది అందరికీ తెలిసేలా ఉండనివ్వండి: “ఈమె మా ఏజెంటు” అని చెప్పండి. అందులో తప్పేం లేదు, దాచడంలోనే తప్పు.

ఆన్‌లైన్లో డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోవడం ఇంకా ప్రమాదం. తప్పుదారి పట్టించే ప్రచారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వస్తుంది. ఆన్‌లైన్ సమీక్షల విషయంలో ఎలా నడుచుకోవాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణం కూడా తెచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఊళ్లో ఎవరు ఎవరి చుట్టమో అందరికీ తెలుసు. మరిది రాసిన మెప్పును మరిది రాసిందనే చదువుతారు.

5. ఏ మాట దాటుతోందో చూడండి

ఇప్పుడు “ఏమని చెప్పారు” గడి. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. నిదానంగా చదవండి.

“బాగుంది” అన్న మాట ఎక్కడికీ పోదు. ఒకరి నోట్లో పుట్టి అక్కడే ఆగిపోతుంది. నా పుస్తకంలో ఇంటి నుంచి ఇంటికి నడిచినవి ఇలాంటివి: “వెల్లుల్లి లేని ఆవకాయ కూడా ఉంది”, “ఈ వడియాలు నూనె తక్కువ పీలుస్తాయి”, “పొద్దున్న ఏడింటికే తలుపు తీస్తుంది, డ్యూటీకి వెళ్తూ తీసుకోవచ్చు”. వినేవాళ్లు తమ ఇంట్లో ఎప్పుడు వాడుకోవచ్చో ఊహించుకోగలిగే మాటలే నడుస్తాయి.

వెల్లుల్లి సంగతి ఒడియా ఇళ్లలో ఎందుకంత నడిచిందో మొదట నాకు అర్థం కాలేదు. ఒడియా వాళ్లలో చాలామంది కార్తీకంలో, ముఖ్యంగా పంచుక అని పిలిచే ఆఖరి ఐదు రోజుల్లో నీచు ముట్టరు. ఎందరో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ చేసే ఇళ్లలోనూ అంతే. ఆ రోజులకి వెల్లుల్లి లేని పచ్చడి దొరుకుతుందన్న మాట వాళ్లకి పనికొచ్చే మాట. నేను వెల్లుల్లి వేయకుండా పెట్టింది మా అత్తగారి కోసం. దానికి ఇంకో గిరాకీ ఉందని నాకు చెప్పింది పుస్తకమే.

ఇక పేర్లు. మన వడియాలు వాళ్లకి “బడి”. మన అప్పడం వాళ్లకి “పాంపడ”. బరంపురం ఊరగాయలకీ, అప్పడాలకీ ఎంత పేరుందో తెలిసిందే, అక్కడి సరుకుతో పోల్చి చూసుకునే ఒడియా కొనుగోలుదారుకి “మినప వడియాలు” అంటే తెలియకపోవచ్చు, “బిరి బడి” అంటే వెంటనే తెలుస్తుంది. లేబుల్ మీద రెండు లిపుల్లోనూ రాయించండి. ముద్రణ ఖర్చనిపిస్తే చేత్తో రాసిన చీటీ అంటించండి, చాలు.

మీ మాట భాష మారినప్పుడు ఏమవుతోందో పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మీరు చెప్పదలచుకున్న మాటను తెలుగులో ఒకరికి చెప్పండి. ఆమెను ఒడియాలో ఇంకొకరికి చెప్పమనండి. ఆ మూడో మనిషిని పిలిచి “మీరేం విన్నారు?” అని తెలుగులో అడగండి. నేను “కారం ఎక్కువ ఉండదు” అని పంపిస్తే “చప్పగా ఉంటుంది” అని తిరిగొచ్చింది! అప్పట్నుంచి “మీకు కావలసినంత కారం, రెండు రకాలు” అని చెబుతున్నాను, అది చెక్కుచెదరకుండా వెళ్తోంది.

జాగ్రత్త: నడుస్తుంది కదా అని చేయలేని మాట అనకండి. “రెండేళ్లు నిల్వ ఉంటుంది” అన్నారనుకోండి, మొదటి ఏడాదే బూజు పడితే మీరు అన్న మాటే మీ మీదకు తిరిగొస్తుంది. కొనేవాళ్లు సరుకును సరుకుతో పోల్చరు, ముందు విన్న మాటతో పోలుస్తారు.

6. ఎరుపు గడి చదివి గుమ్మం తీసేయండి

ఐదో వారం నుంచి ఇది. “కొంటాను” అని కొననివాళ్ల కారణాలను కలిపి చూడండి. ఎక్కువసార్లు వచ్చిన కారణం ఒక్కటి తీసుకుని దాన్నే సరిచేయండి. రెండు వారాలు చూసి తర్వాతి దానికి వెళ్లండి. రెండూ ఒకేసారి మారిస్తే లెక్క కలిసిపోతుంది.

సైజు పెద్దదన్నారా, చిన్న పొట్లం కట్టండి. ధర ఎక్కువన్నారా, వెంటనే తగ్గించకండి. చాలాసార్లు అది కూడా సైజు గురించే. 50 గ్రాములది పెట్టాక ధర ఎక్కువన్న మాట నా దగ్గర బాగా తగ్గింది. దూరమన్నారా, సంత రోజున మీరే అక్కడికి వెళ్లండి, లేదా ఆ వీధిలో ఒక ఇంట్లో నాలుగు సీసాలు ఉంచండి.

“ఇంట్లో అడిగి చెబుతాను” అన్నది వేరే కారణం, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఆ మనిషికి మీ సరుకు నచ్చింది, నిర్ణయం మాత్రం ఇంట్లో ఇంకొకరిది. ఆమెను ఒప్పించడానికి ఇంకా మాటలు చెప్పి లాభం లేదు. ఆ ఇంకొకరి నోటికి రుచి చేరాలి. చిన్న పొట్లం చేతిలో పెట్టి “అత్తయ్యగారికి రుచి చూపించండి, బాగోలేకపోతే మొహమాటం లేకుండా చెప్పమనండి” అనండి.

“వచ్చేవారం తీసుకుంటా” అన్నవాళ్లని అలాగే వదలొద్దు. “ఏ రోజు? నేను పక్కన తీసి ఉంచుతాను” అనండి. రోజు చెప్పినవాళ్లు రావడం, ఊరికే “వస్తాను” అన్నవాళ్లకన్నా ఎక్కువ. మీ పుస్తకంలో మీకే కనిపిస్తుంది. బలవంతం మాత్రం చేయొద్దు, రోజు చెప్పడానికి తటపటాయిస్తే వదిలేయండి.

7. చెడ్డ మాట పుడితే

ఒక వేసవిలో ఆవకాయ పెట్టినప్పుడు కొన్ని సీసాలు సరిగా ఆరలేదు. తడి మిగిలింది. నెల తిరిగేసరికి ఒక ఇంట్లో పైన తెల్లగా బూజు కట్టింది. ఆవిడ నాతో ఏమీ అనలేదు. నాకు తెలిసేసరికి రెండు వీధులు దాటిపోయింది, “ఆవిడ సీసాలు కడగదట” అని. తప్పు నాదే. కడిగాను, ఆరబెట్టలేదు. వినేవాళ్లకి ఆ తేడా ఎందుకు?

ఆరోజు నుంచి నేను పాటిస్తున్న వరుస ఇది.

మొదట వినండి, వాదించకండి, “ఇది ఎవరు చెబుతున్నారు?” అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న ఒక్కటి అడిగితే ఇక ఎవరూ మీకు ఏదీ చెప్పరు. సరుకు వెనక్కి తీసుకుని డబ్బో, కొత్త సరుకో, వాళ్లు ఏది కోరితే అది ఇవ్వండి. తర్వాత అదే విడతలో కొన్న మిగతా ఇళ్లకి, వాళ్లు సీసా తెరిచి చూసేలోగా మీరే వెళ్లి చెప్పండి. ఇది కష్టం. నాకు కాళ్లు ఆడలేదు. కానీ “తనే వచ్చి చెప్పింది” అన్న మాట, బూజు మాట వెళ్లిన దారిలోనే వెళ్లింది. ఏ సీసా ఏ విడతదో తెలియాలంటే మూత మీద తేదీ ఉండాలి. ఇవాళ్టి నుంచే వేయండి.

తప్పు మీది కాకపోతే? “రంగు కలుపుతారట” లాంటి పుకారు వస్తే “మేం రంగు కలపం, రంగు కలపం” అని తిరిగి చెప్పకండి. ఆ మాట విననివాళ్లకి కూడా మీరే వినిపించినట్టవుతుంది. కారం పట్టించే రోజున నలుగుర్ని ఇంటికి పిలవండి, కళ్లారా చూడనివ్వండి. వాట్సాప్‌లో వస్తే గ్రూపులో గొడవ పెట్టుకోవద్దు. స్క్రీన్‌షాట్ దాచుకుని, పంపిన మనిషితో విడిగా మాట్లాడండి. ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ 2018లో మన దేశంలో పరిమితి పెట్టింది. చాలాసార్లు చేతులు మారిన సందేశానికైతే 2020 నుంచి ఒక్క చాటే. కుళాయి దగ్గర మాటకు అలాంటి పరిమితి లేదు కాబట్టి ముందు అక్కడికే వెళ్లండి.

తిని ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఇవేవీ చూడకండి. ముందు డాక్టరు, అమ్మకం ఆపడం, ఆ తర్వాతే మిగతాది.

8. వాట్సాప్, అవసరమైనంత వరకే

ఒకే కబురును అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిదాకా పెట్టొచ్చు. కానీ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. “పంపాను, ఎవరూ పలకలేదు” అనే సగం ఫిర్యాదులకు కారణం ఇదే. పొట్లం ఇచ్చేటప్పుడే “నంబరు సేవ్ చేసుకోండమ్మా” అనండి. వారానికి ఒక్కసారి మించి పంపకండి. గుండె గుర్తులు, దండాలు లెక్కలోకి రావు, ఆర్డరు వస్తేనే పుస్తకంలోకి.

లెక్క ఎలా సరిచూసుకోవాలి

ఎనిమిదో వారం చివర మొదటి రెండు వారాలనూ ఆఖరి రెండు వారాలనూ పక్కపక్కన పెట్టండి. చూడాల్సినవి రెండే: మాట విని వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లలో కొన్నవాళ్లు ఎందరు.

ఉదాహరణకి, మొదట్లో 30 మంది మాట విని వచ్చి 9 మంది కొన్నారనుకోండి. చివర్లో 28 మంది వచ్చి 15 మంది కొంటే మాట పెరగలేదు, గుమ్మం తెరుచుకుంది. చిన్న పొట్లాలు పనిచేశాయి. అలాకాక 50 మంది వచ్చి 10 మందే కొంటే మాట బాగా వెళ్తోంది, కానీ లోపల ఏదో ఆపుతోంది. ఈ స్థితిలో ప్రచారానికి డబ్బు పెట్టొద్దు, ఎరుపు గడికి తిరిగి వెళ్లండి. వచ్చిన కొద్దిమందిలో దాదాపు అందరూ కొంటుంటే మాత్రం ఇంకా ఎక్కువమందికి తెలియాలి. బోర్డుకో, కరపత్రాలకో డబ్బు పెట్టాల్సింది అప్పుడే.

పండగ వల్లో, పెళ్లిళ్ల వల్లో పెరిగిందేమోనని అనుమానం ఉంటే రెండు వీధులు తీసుకోండి. ఒక వీధిలోనే చిన్న పొట్లాలు పంచండి, రెండోదాన్ని ముట్టుకోకండి. రెండు చోట్లా సమానంగా పెరిగితే అది మీ పొట్లం మహిమ కాదు.

లెక్కను చెడగొట్టే పొరపాట్లలో రెండు నేనూ చేశాను. ఒకటి, ఆఖరున చెప్పిన మనిషికే పేరంతా ఇవ్వడం. “ఆటో అబ్బాయి చెప్పాడు” అంటారు, నిజానికి ఆర్నెల్ల కిందట ఎవరి ఇంట్లోనో పెళ్లిలో తిని ఉంటారు. “అంతకుముందు ఎక్కడైనా తిన్నారా?” అని ఒక్కసారి కదిపితే తెలుస్తుంది. రెండోది, రానివాళ్లని మరిచిపోవడం. నచ్చనివాళ్లలో చాలామంది మనతో ఏమీ అనరు, ఊరికే రావడం మానేస్తారు. నాలుగో వారంలోనూ ఎనిమిదో వారంలోనూ పాత పేజీలు తిరగేసి, రెండుసార్లు కొని తర్వాత కనబడనివాళ్లని గుర్తుచేసుకోండి. దారిలో ఎదురుపడితే పచ్చడి ఊసు ఎత్తకుండా ముందు పిల్లల చదువు అడగండి. రెండో నిమిషంలో వాళ్లే చెబుతారు.

ఎనిమిది వారాలు అయ్యాక నేను రోజూ రాయడం మానేశాను, ఇప్పుడు సంత రోజు మాత్రమే రాస్తున్నాను. ఈమధ్య ఎరుపు గడిలో మూడుచోట్ల ఒకటే కారణం పడింది: “మూత బిగుతు, అమ్మమ్మ తీయలేకపోతోంది”. వెడల్పు మూతల సీసాలు తెప్పించాను. వచ్చే రెండు సంతల పేజీలు చూడాలి.